పాత గ్యాస్ గ్రిల్: బాగు చేయించాలా, మార్పించాలా, వదిలేసి కొత్తది కొనాలా?

మన ఉత్తర తెలంగాణలో ఎవరింట్లోనైనా పాత గ్యాస్ గ్రిల్ కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇట్టే చెప్పొచ్చు. జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు అయితే గల్ఫ్ నుంచి కార్గోలో వచ్చి ఉంటుంది. హన్మకొండ దిక్కు అయితే అమెరికాలో ఉన్న కొడుకో బిడ్డో ఇల్లు మారి వచ్చేటప్పుడు సామానుతో పాటు కంటైనర్‌లో వేసుకొచ్చి ఉంటారు. ఇంకొన్ని హైదరాబాద్‌లో మూతపడ్డ హోటళ్ల నుంచి, ఫామ్‌హౌస్‌ల నుంచి సెకండ్ హ్యాండ్‌లో వస్తాయి. వచ్చిన కొత్తలో ఒకటి రెండు దావత్‌లు అవుతాయి. తర్వాత డాబా మీద టార్పాలిన్ కింద పడి ఉంటుంది. దసరా ముందు ఎవరికో గుర్తొచ్చి టార్పాలిన్ తీస్తే జంగు, గడ్డకట్టిన జిడ్డు, ఎలుకలు కొరికిన పైపు.

అప్పుడు ముందున్న దారులు నాలుగు. ఉన్నదాన్ని ఉన్నట్టే బాగు చేయించుకోవచ్చు. మన వంటకు తగ్గట్టు మార్పించుకోవచ్చు. దాన్ని స్క్రాప్‌కు వేసి, వెల్డింగ్ షాపులో డ్రమ్ము కోయించి బొగ్గుల గ్రిల్ చేయించుకోవచ్చు. లేదంటే కొత్తది కొనొచ్చు. నా అభిప్రాయం ముందే చెప్తాను. పెట్టె గట్టిగా ఉంటే బాగు చేయించడమే మేలు. అయితే ఒక గీత గీసుకొని దిగాలి: మంట మాత్రమే తగిలే భాగాలన్నీ వరంగల్‌లోనే చేయించుకోండి, గ్యాస్ నడిచే భాగాలు మాత్రం కొత్తవే కొనండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఇక్కడ సగం ధరకు మంచిగా తయారయ్యే జాలీలను ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు, పాత పైపును, పాత రెగ్యులేటర్‌ను మాత్రం "ఇంకా నడుస్తుంది" అని ఉంచేస్తారు.

ముందు పెట్టె చూడండి

గ్రిల్‌లో బర్నర్లు, జాలీలు, నాబ్‌లు, చక్రాలు అన్నీ మార్చుకోవచ్చు. మార్చలేనివి రెండే, మంటను పట్టి ఉంచే కింది పెట్టె, దాని మీది మూత. ఇవి పోతే గ్రిల్ పోయినట్టే.

పెట్టె సాధారణంగా పోత అల్యూమినియంతో గానీ, వంచిన స్టీలు రేకుతో గానీ ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూడండి. అంటకుండా ఉండి, గోడ మందంగా, పైన కాస్త గరుకుగా ఉంటే అది పోత అల్యూమినియం. దానికి జంగు పట్టదు. ఎన్ని వానాకాలాలు తడిసినా పైన తెల్లటి పొర వస్తుందే తప్ప లోహం తిని పోదు. వెబర్ కంపెనీ 1985లో తెచ్చిన జెనెసిస్ గ్రిల్లులు ఇప్పటికీ అమెరికాలో బాగుపడి నడుస్తున్నాయంటే పెద్ద కారణం ఆ పోత పెట్టే. అలాంటిది మీ చేతికొస్తే, పైకి ఎంత వికారంగా ఉన్నా స్క్రాప్‌కు వేయకండి.

అయస్కాంతం అంటితే స్టీలు రేకు. దీని మీద ఎనామెల్ పూత ఉంటుంది, అది పెచ్చు లేచిన చోట జంగు మొదలవుతుంది. సన్న మొన ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకొని పెట్టె అడుగున, బర్నర్లు కూర్చునే మూలల్లో, జిడ్డు కారే రంధ్రం చుట్టూ గట్టిగా పొడిచి చూడండి. టక్కుమని శబ్దం వస్తే పెట్టె బతికి ఉన్నట్టు. మొన మెత్తగా లోపలికి దిగితే ఇక దాని మీద ఖర్చు పెట్టకండి. ప్యాచ్ వేయించొచ్చని వెల్డర్ అంటాడు. కానీ జంగు తిన్న పల్చటి రేకుకు వెల్డింగ్ పెడితే పక్కన ఇంకో బొక్క పడుతుంది. పడకపోయినా ఆ ప్యాచ్ చుట్టూ వచ్చే ఏడాదికి మళ్లీ జంగు ఎక్కుతుంది.

మూత లోపల నల్లటి పొలుసులు రాలుతుంటే పెయింట్ ఊడుతోందని భయపడి చాలామంది గ్రిల్‌నే వదిలేస్తారు. అది పెయింట్ కాదు, కాలి గట్టిపడిన జిడ్డు, పొగ మసి. లప్పం పట్టీతో గీకితే పోతుంది. లోపల మళ్లీ పెయింట్ వేయించకండి. వేడికి తట్టుకునే నల్ల పెయింట్ స్ప్రే డబ్బాల్లో దొరుకుతుంది, అది పెట్టె బయటికే.

శుభ్రం చేసేటప్పుడు ఒక జాగ్రత్త. జిడ్డు వదలాలని కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టమని ఎవరో ఒకరు చెప్తారు. ఇనుప జాలీలకు, చేతులకు గ్లవుజులు వేసుకొని జాగ్రత్తగా చేస్తే అది పనిచేస్తుంది. అల్యూమినియం పెట్టెకు అది విషం. కాస్టిక్ తగిలితే అల్యూమినియం కరిగి బుడగలు బుడగలుగా హైడ్రోజన్ వస్తుంది, పెట్టె గోడ పల్చబడుతుంది. అల్యూమినియానికి వేడి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, ఓపిక చాలు.

గ్యాస్ దారి: ఇక్కడ పొదుపు వద్దు

గ్రిల్ వెనకాలో, తలుపు లోపలో ఒక చిన్న రేకు పట్టీ ఉంటుంది. అది చదవకుండా సిలిండర్ తగిలించకండి. అందులో మూడు విషయాలు చూడాలి: అది ఏ గ్యాస్‌కు చేసిన గ్రిల్, ఎంత ప్రెషర్‌కు చేసింది, మొత్తం వేడి ఎంత.

అమెరికా నుంచి వచ్చిన గ్రిల్ మీద ప్రొపేన్ అని ఉంటే అదృష్టవంతులు. అక్కడి ప్రొపేన్ గ్రిల్లులు 11 అంగుళాల నీటి మట్టం ప్రెషర్ మీద, అంటే సుమారు 27 మిల్లీబార్ మీద నడుస్తాయి. మన ఇంటి గ్యాస్ రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30. మన ఎల్పీజీలో బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి మంట అక్కడికంటే రవ్వంత గట్టిగా వస్తుంది. బర్నర్ మొదట్లో ఉండే గాలి కిటికీని కొంచెం ఎక్కువ తెరిస్తే సర్దుకుంటుంది. జెట్లు, అంటే గ్యాస్‌ను బర్నర్‌లోకి చిమ్మే సన్న రంధ్రం ఉన్న ముక్కలు, మార్చే పని ఉండదు.

నేచురల్ గ్యాస్ అని ఉంటే మాత్రం ఆగండి. అమెరికాలో పైపులైను గ్యాస్‌తో నడిచే గ్రిల్లులు చాలా ఉన్నాయి, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. నేచురల్ గ్యాస్ తేలిక, వేడి తక్కువ, అందుకని జెట్ రంధ్రం పెద్దగా పెడతారు. దానికి మన సిలిండర్ తగిలిస్తే రెండింతలకు పైగా వేడి బయటికి తన్నుకొస్తుంది. పసుప్పచ్చటి మంట మూత దాటి లేస్తుంది, మసి కమ్ముతుంది. అలాంటి గ్రిల్‌కు జెట్లన్నీ మార్చాలి, కొత్త రంధ్రం లావు పాతదానిలో సుమారు మూడింట రెండు వంతులు ఉంటుంది. స్టవ్ రిపేర్ షాపులో కొందరు పాత జెట్‌కే ఇత్తడి పోసి మూసి, మళ్లీ సన్న రంధ్రం వేసిస్తామంటారు. ఒప్పుకోకండి. చేత్తో వేసిన రంధ్రం ఏ రెండూ ఒకేలా రావు, ఒక బర్నర్ ఎగిరిపడుతుంది, ఇంకోటి వణుకుతుంది. రంధ్రం కొలత నంబరుగా కొట్టి ఉన్న కొత్త జెట్లే వేయించండి. జెట్లు చిన్న ఇత్తడి ముక్కలు, వాటికయ్యే ఖర్చు గ్రిల్ మొత్తంలో ఒక లెక్కే కాదు.

గల్ఫ్ నుంచి వచ్చినవాటి మీద, యూరప్ తయారీవాటి మీద ఐ3బి/పి (బ్యూటేన్, ప్రొపేన్ రెండింటికీ పనికొచ్చేదని గుర్తు) అని రాసి పక్కన 30 అనో 50 అనో ఉంటుంది. అది మిల్లీబార్లలో ప్రెషర్. 30 అయితే మన రెగ్యులేటర్‌కు సరిగ్గా సరిపోతుంది. 50 అయితే మన రెగ్యులేటర్ మీద నాలుగో వంతు దాకా వేడి తగ్గుతుంది. వంట అవుతుంది కానీ చికెన్‌కు ఎర్రటి మచ్చలు పడటానికి టైమ్ పడుతుంది. ఇక్కడే షాపువాళ్లు ఒక సలహా ఇస్తారు: "హై ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టు అన్నా, మంట దంచి కొడ్తది." ఆ రెగ్యులేటర్ హోటల్ భట్టీల కోసం చేసింది. గ్రిల్ వాల్వులు, పైపులు ఆ ప్రెషర్‌కు చేసినవి కావు. ఈ ఒక్క సలహా మాత్రం ఎవరు ఇచ్చినా వినకండి.

విదేశీ గ్రిల్‌తో వచ్చిన రెగ్యులేటర్ మన సిలిండర్ మూతికి పట్టదు. మధ్యలో అడాప్టర్లు పెట్టి పట్టించే బదులు పాతది తీసి పక్కన పెట్టండి. గ్యాస్ ఏజెన్సీలో ఐఎస్ఐ గుర్తున్న రెగ్యులేటర్, నారింజ రంగు సురక్ష పైపు తీసుకోండి. ఆ పైపు లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటుంది కాబట్టి ఎలుకలు కొరకడం కష్టం. పైపు మీద తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉంటుంది, ఐదేండ్లకు మార్చాలి. పొడవు మీటరున్నర మించొద్దు. సిలిండర్ దూరంగా పెట్టుకోవాలని రెండు పైపులు కలిపి జాయింట్ వేయడం అసలే వద్దు.

రెగ్యులేటర్ మీద గంటకు ఎన్ని కిలోల గ్యాస్ ఇస్తుందో కూడా రాసి ఉంటుంది. ఇంటి రెగ్యులేటర్ మామూలు పొయ్యిని దృష్టిలో పెట్టుకొని చేసింది. గ్రిల్ ఆకలి వేరు. పట్టీ మీద వేడి లెక్క 36,000 బీటీయూ అని ఉంటే అది దాదాపు పదిన్నర కిలోవాట్లు. అన్ని బర్నర్లూ ఫుల్లుగా పెడితే గంటకు సుమారు 800 గ్రాముల గ్యాస్ తాగుతుంది. రెగ్యులేటర్ అంత ఇవ్వలేకపోతే మూడో బర్నర్ వెలిగించగానే మొదటి రెండూ కుంగుతాయి. అది బర్నర్ లోపం అనుకొని బర్నర్లు మార్చినవాళ్లను చూశాను. కొనేముందు ఆ అంకె, గ్రిల్ పట్టీ మీది అంకె పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇంకో సంగతి మన ఊళ్లలో మామూలే. గ్రిల్ కొన్నాళ్లు వాడకుండా ఉంటే బర్నర్ మూతిలో, జెట్ ఎదురుగా, కుమ్మరి పురుగు మట్టి గూడు కడుతుంది. మా చిన్నాన్న కొడుకు దుబాయ్ నుంచి పంపిన గ్రిల్‌లో ఎడమ బర్నర్ ఎంత వెలిగించినా అంటుకోలేదు. బర్నర్ ఊడదీసి వెలుతురుకు పెట్టి చూస్తే గొట్టం మొదట్లో గోధుమ రంగు మట్టి బిరడా, గట్టిగా, చిటికెన వేలంత లావు. సన్న పుల్లతో పొడిస్తే పొడి పొడిగా రాలింది, లోపల ఎండిన సాలీళ్లు. అలాంటి గొట్టంలోకి గ్యాస్ పోలేక వెనక్కి తిరిగి నాబ్‌ల దగ్గర అంటుకుంటుంది, ప్లాస్టిక్ నాబ్‌లు కరుగుతాయి. కాబట్టి పాత గ్రిల్ ఏదైనా సరే, మొదటిసారి వెలిగించే ముందు బర్నర్లన్నీ బయటికి తీసి గొట్టాల్లోంచి ఆకాశం కనిపిస్తుందో లేదో చూడాలి. జెట్ రంధ్రంలో సూది పెట్టి తిప్పకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదవుతుంది. చీపురు పుల్ల చాలు.

అన్నీ బిగించాక సబ్బు నీళ్లు. కప్పు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు కలిపి, గ్రిల్ నాబ్‌లన్నీ మూసి, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ తిప్పి, బ్రష్‌తో ప్రతి జాయింట్ మీద రాయండి. లీకు చిన్నదైతే బుడగ వెంటనే రాదు. తడి పొర మీద ముందు సన్నటి తెల్ల నురుగు కనిపిస్తుంది, పది పదిహేను సెకన్లకు అది గుత్తిలా ఉబ్బుతుంది. అందుకే ఒక్కో జాయింట్ దగ్గర ఆగి చూడాలి. అగ్గిపుల్లతో లీకు చూసే అలవాటు ఇంకా కొందరికి ఉంది, మానుకోండి. వాసన గట్టిగా వస్తే రెగ్యులేటర్ మూసి, అందరినీ దూరం జరిపి, గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయండి.

బర్నర్: రెండింటికీ సరిహద్దు

బర్నర్‌లో గ్యాస్ నడుస్తుంది, మంటా తగులుతుంది. అందుకే ఇక్కడ చేయించాలా కొనాలా అని అందరూ తడబడతారు. నేనైతే గ్యాస్ భాగంగానే లెక్కేస్తాను. స్టెయిన్‌లెస్ పైపుకు వరుసగా రంధ్రాలు వేసి ఒక కొస మూసి ఇవ్వడం ఏ వెల్డర్‌కైనా వచ్చు. కానీ రంధ్రాల లెక్క, లావు, జెట్ కొలత మూడూ ఒకదానికొకటి కుదరాలి. రంధ్రాలు పెద్దవైతే మంట లోపలికి జారి గొట్టంలో బుస్సుమని మండుతుంది. సన్నమైతే మంట బర్నర్ నుంచి లేచిపోయి ఆరిపోతుంది. పొడవు సర్దుకునే రకం స్టెయిన్‌లెస్ బర్నర్ గొట్టాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, చాలా గ్రిల్లులకు సరిపోతాయి, అవే తెప్పించుకోండి.

పాత బర్నర్ ఉంచుకోవచ్చా? వైర్ బ్రష్‌తో పైనంతా రుద్ది వెలిగించండి, చీకటి పడ్డాక అయితే బాగా కనిపిస్తుంది. మంట నీలంగా, కొసల్లో కాస్త పసుపుతో, పొడవునా ఒకే ఎత్తున ఉంటే ఇంకా పని ఉంది. రెండు మూడు రంధ్రాలు కలిసిపోయి అక్కడ మంట నాలుకలా లేస్తుంటే దాని కాలం తీరింది. హోటల్ సామాన్ల షాపుల్లో దోసె పెనం కింద పెట్టే పోత ఇనుము పైపు బర్నర్లు చవగ్గా కనిపిస్తాయి. అవి వేరే ప్రెషర్‌కు, తెరిచి ఉన్న పొయ్యికి చేసినవి. మూత ఉన్న పెట్టెలో పెట్టకండి.

మంట తగిలేవి: ఇక్కడ వరంగల్ చేతివాటమే మేలు

జాలీలు, బర్నర్ మీద కప్పే పట్టీలు, జిడ్డు ట్రే. ఈ మూడింటి కోసం విదేశీ స్పేర్ పార్టులు వెతకడం డబ్బు దండగ. కొలతలు తీసుకొని ఆటోనగర్‌కో, కాజీపేట దిక్కు ఫ్యాబ్రికేషన్ షాపుకో పోండి. పాత పార్టు ఎంత విరిగి ఉన్నా చేతిలో పట్టుకొని పోవాలి. నోటితో చెప్పిన కొలతకు, చూపించిన ముక్కకు చాలా తేడా ఉంటుంది.

షాపులో ముందు వచ్చే మాట జీఐ. "జీఐ జాలి ఉన్నది అన్నా, సస్తాల అయితది." వద్దు. జీఐ మీద ఉండేది జింకు పూత. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బర్నర్ పక్కన ఆ వేడి మామూలే. ఇంకా వేడెక్కి జింకు కాలితే తెల్లటి పొగ వస్తుంది, అది పీలిస్తే చలి జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి, వెల్డర్లకు ఈ జ్వరం బాగా తెలుసు. ఆ పూత తిండికి అంటుకోవడం ఇంకో బాధ. రెండో మాట, ఇల్లు కట్టగా మిగిలిన సలాకలు. వాటి గీతల్లో మాంసం ఇరుక్కొని వదలదు, ఎంత గీకినా లోపలి జంగు పోదు.

స్టెయిన్‌లెస్ అడిగితే 304 గ్రేడు అని గట్టిగా చెప్పండి, బిల్లు మీద రాయించుకోండి. మార్కెట్లో 202 ఎక్కువ. రెండింటికీ అయస్కాంతం సరిగా అంటదు, కంటితో తేడా తెలియదు. 202లో నికెల్ తక్కువ, మన వానాకాలం తేమకు, ఉప్పూ నిమ్మకాయా కలిపిన మసాలాకు తొందరగా ఎర్రమచ్చలు పడుతుంది. గ్రేడు తేల్చే చుక్కల మందు స్టీలు అమ్మే షాపుల దగ్గర ఉంటుంది, ఒక చుక్క వేసి చూపించమని అడగడానికి మొహమాటపడకండి. అతుకులు ఆర్గాన్ వెల్డింగ్‌తోనే వేయించాలి. మామూలు రాడ్ వెల్డింగ్ పెడితే కడ్డీ మెరుస్తూనే ఉంటుంది, అతుకు దగ్గర జంగు కారుతుంది.

జాలీకి 304 కడ్డీనా, పోత ఇనుమా? పోత ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది, మటన్ చాప్స్ మీద నల్లటి గీతలు అందంగా పడతాయి. కానీ వాడిన ప్రతిసారీ నూనె రాసి వేడి చేసి పెట్టాలి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఒక్క వారం మర్చిపోయినా ఎర్రబడుతుంది. నెలకు రెండు మూడుసార్లు వాడేవాళ్లు పోత ఇనుము తీసుకోవచ్చు. పండుగకు, దావత్‌కు మాత్రమే తీసేవాళ్లకు 8 మిల్లీమీటర్ల 304 కడ్డీ జాలీ హాయి. కడ్డీకి కడ్డీకి మధ్య సందు ఒక సెంటీమీటర్ ఉంచండి. కొర్రమీను ముక్కలు తిప్పేటప్పుడు అంతకంటే సందు ఎక్కువుంటే విరిగి కింద పడతాయి.

బర్నర్ మీద కప్పు గురించి. పాత గ్రిల్లుల్లో లావా రాళ్లు పోసేవారు. కారిన కొవ్వును అవి పీల్చుకొని, నిండాక ఒక్కసారి భగ్గుమంటాయి. జెనెసిస్‌తో వచ్చిన మార్పు అక్కడే, రాళ్ల బదులు తిరగేసిన వి ఆకారంలో వంచిన రేకు పట్టీలు పెట్టారు. కొవ్వు పట్టీ మీద పడి కొంత ఆవిరై పొగ ఇస్తుంది, మిగతాది పక్కకు జారి ట్రేలోకి పోతుంది, బర్నర్ రంధ్రాల్లో పడదు. మీ గ్రిల్‌లో రాళ్లుంటే తీసేసి ఒకటిన్నర మిల్లీమీటర్ల 304 రేకుతో ఇలాంటి పట్టీలు వంచించుకోండి. బెండింగ్ మెషిన్ ఉన్న షాపులో ఇది చిటికెలో పని. పట్టీకి పట్టీకి మధ్య రెండు వేళ్లు దూరేంత సందు వదలాలి, లేకపోతే వేడి పైకి రాక బర్నర్లే కాలిపోతాయి. పాత గ్రిల్ మీద పెట్టే ఖర్చులో వంట రుచిని అన్నింటికంటే ఎక్కువ మార్చేది ఇదే.

మార్పుల్లో ఏది పనికొస్తుంది

తిరిగే కడ్డీ పెట్టించుకోవడం నాకు అన్నింటికంటే ఇష్టమైన మార్పు. రెండు వైపులా పెట్టెకు గాడి కోయించి, చదరపు స్టెయిన్‌లెస్ కడ్డీ, నెమ్మదిగా తిరిగే గేర్ మోటారు పెడితే నిండు కోడి దానంతట అది కాలుతుంది. మోటారు పెట్టె గోడకు ఆనకుండా ఒక పట్టీ మీద దూరంగా ఉండాలి, వైరు సిలిండర్ వైపు పోకూడదు. కోడి కింద ఉన్న బర్నర్ ఆర్పి, పక్క బర్నర్లే వెలిగించాలి. మసాలాలో చపాట మిర్చి పొడి వేస్తే ఎరుపు బాగా తేలుతుంది, కారం గొంతు పట్టదు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చి ఇలాంటి వంటకే పుట్టిందనిపిస్తుంది.

సగం జాలీ తీసి అక్కడ పెనం పెట్టించడం కూడా మంచి మార్పే. ఒక పక్క మక్క కంకులు, ఇంకో పక్క పెనం మీద ఉల్లిగడ్డ, గుడ్లు. కానీ పెనం సగానికి మించొద్దు. మొత్తం కప్పేస్తే వేడి పోవడానికి దారి లేక వెనక్కి తిరిగి నాబ్‌ల మీదికి, పైపు మీదికి వస్తుంది.

పొగ రుచి కోసం రేకు డబ్బాకు నాలుగు రంధ్రాలు వేసి అందులో మామిడి, జామ చెక్క ముక్కలు పెట్టి ఒక బర్నర్ మీద ఉంచితే చాలు. దీనికి షాపు ఖర్చు కూడా లేదు. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన చెక్క మాత్రం వాడకండి.

బర్నర్లు తీసేసి బొగ్గులు పోయడం చాలామంది అడిగే మార్పు. స్టీలు పెట్టె అయితే, అడుగున ఇంకో మందపాటి ఇనుప ట్రే పెట్టి, గాలికి దారి ఉంచి చేయొచ్చు. అల్యూమినియం పెట్టెలో వద్దు. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, గాలి బాగా తగిలిన బొగ్గుల మధ్య వేడి దాన్ని దాటగలదు. చేసే ముందు వాల్వులు, పైపు, సిలిండర్ అన్నీ తీసేయాలి. ఒకే పెట్టెలో ఈ పక్క గ్యాస్, ఆ పక్క బొగ్గులు పెట్టించుకునే ఆలోచన ఉంటే మానుకోండి.

డ్రమ్ము గ్రిల్, కొత్త గ్రిల్

మీకు కావాల్సింది బొగ్గుల వాసనే అయితే పాత గ్యాస్ గ్రిల్‌తో కుస్తీ పట్టే పని లేదు. రెండు వందల లీటర్ల డ్రమ్మును నిలువుగా కోసి, కీళ్లు పెట్టి, కాళ్లు వెల్డింగ్ చేస్తే ఇరవై మందికి సరిపోయే గ్రిల్ తయారు. అన్ని దారుల్లోకి చవకైంది ఇదే, పొలం దగ్గరికి, లక్నవరం దిక్కు పిక్నిక్‌కు ట్రాలీలో వేసుకొని పోవచ్చు. డ్రమ్ము వంటనూనెదై ఉండాలి. రసాయనాలు, పురుగుమందులు పోసిన డ్రమ్ము ఎంత కడిగినా తిండికి పనికిరాదు. ఏ డ్రమ్మైనా కోసే ముందు లోపల ఆవిరి లేకుండా బాగా కడిగించాలి, మిగిలిన ఆవిరికి నిప్పు తగిలి డ్రమ్ములు పేలిన ప్రమాదాలు వెల్డింగ్ షాపుల్లో జరుగుతూనే ఉంటాయి. మొదటిసారి ఖాళీగా గంటసేపు పెద్ద మంట పెట్టి లోపలి రంగంతా కాల్చేయాలి.

కొత్తది ఎప్పుడు కొనాలి? పెట్టె పోయినప్పుడు. అలాగే పెట్టె బాగున్నా వాల్వులు, బర్నర్లు, జాలీలు, పట్టీలు అన్నీ పోయి, వాటి లెక్క అదే సైజు కొత్త గ్రిల్ ధరలో సగం దాటినప్పుడు. కొనేటప్పుడు బయటి మెరుపు చూడకండి. చవక గ్రిల్లుల్లో మూత మెరుస్తుంది, లోపల పెట్టె గోరుతో తడితే డొల్లగా మోగుతుంది. అలాంటి కొత్తదాని కంటే బాగు చేయించిన పాత పోత పెట్టె పదేండ్లు ఎక్కువ నడుస్తుంది.

సిలిండర్ ఏది

ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండర్ విదేశీ గ్రిల్ కింది అరలో పట్టదు, అక్కడి సిలిండర్ పొట్టిది. తలుపు తీసేసి, సిలిండర్‌ను గ్రిల్ పక్కన నేల మీద నిలువుగా పెట్టుకోవాలి. పడుకోబెట్టకూడదు, ద్రవం పైపులోకి వస్తుంది. ఏటా రెండు మూడు దావత్‌లకు మాత్రమే వాడేవాళ్లకు 5 కిలోల సిలిండర్ నాకు నచ్చుతుంది. డాబా ఎక్కించడం తేలిక, కింది అరలో పడుతుంది, వంటింటి సిలిండర్ జోలికి పోనక్కర్లేదు. గంటకు 800 గ్రాముల లెక్కన ఫుల్లు మంట మీద ఆరు గంటలు వస్తుంది, మామూలు వంటకు ఇంకా ఎక్కువే. దానికి పట్టే రెగ్యులేటర్ ఏజెన్సీలోనే అడిగి తీసుకోండి.

గ్రిల్ పెట్టి చికెన్ అమ్మాలనుకునేవాళ్లకు వేరే దారి లేదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరే. ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడితే కేసు అవుతుంది, సిలిండర్ తీసుకుపోతారు. వ్యాపారానికి పాత విదేశీ గ్రిల్ కూడా సరిపోదు. రోజూ ఆరేడు గంటలు మండటానికి చేసింది కాదు అది.

ఏ సిలిండర్ అయినా మెట్ల కింద, సెల్లార్‌లో, నాలుగు పక్కలా పిట్టగోడ ఉండి గాలి ఆడని మూలలో పెట్టొద్దు. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకొని పల్లంలో నిలుస్తుంది. గ్రిల్ గోడకు మూడడుగుల దూరంలో, మీద రేకుల షెడ్డు గానీ, షామియానా గానీ లేని చోట ఉండాలి.

పని అంతా అయ్యాక మొదటి రోజు వంట పెట్టకండి. మూత తెరిచి వెలిగించి, తర్వాత మూత వేసి అరగంట ఫుల్లు మంట మీద ఖాళీగా వదలండి. వెల్డింగ్ నూనె, సబ్బు, బయటి పెయింట్ వాసన అంతా పోతుంది. ఆరాక వాల్వుల దగ్గర, పైపు దగ్గర ఇంకోసారి సబ్బు నీళ్లు రాయండి, వేడికి సాగి సడలిన జాయింట్ ఏదైనా ఉంటే ఇప్పుడే బయటపడుతుంది. జాలీలకు నూనె రాసి, మొదటి వాయికి మక్క కంకులు వేయండి. ఏ మూల వేడి ఎక్కువో, ఎక్కడ తక్కువో కంకి మీది గింజలే చూపిస్తాయి, దాన్ని బట్టి గాలి కిటికీలు సర్దుకొని చికెన్ ఎక్కించండి.